ఐఐటీ కాన్పూర్ ఫ్లోరైడ్ ఫిల్టర్: పరికరం మంచిదే, మూడో నెలలో గుళికలు కడిగేదెవరు?

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ల కోసం ఐఐటీ కాన్పూర్ 1990 దశకంలో యూనిసెఫ్‌తో కలిసి ఒక ఇంటి ఫిల్టర్ తయారుచేసింది. రాజస్థాన్‌లో డుంగర్‌పూర్, మన దగ్గర అనంతపురం వైపు పల్లెల్లో స్వచ్ఛంద సంస్థల ద్వారా ఇళ్లకు చేర్చి వాడించారు. విశ్వవిద్యాలయం డిజైన్ ఇవ్వడం, సంస్థ డబ్బు సమకూర్చడం, ఊరి ఆడవాళ్లు నడపడం అనే పద్ధతికి ఇది మంచి ఉదాహరణ. ఇప్పటికీ ఇదే నమూనాలో కాలేజీలు, సంస్థలు ఫిల్టర్లు పంచుతూనే ఉన్నాయి. మీ ఊరికి అలాంటిది వస్తే తీసుకోవాలా వద్దా, తీసుకుంటే ముందు ఏం అడగాలి అన్నదే ఈ సమీక్ష.

ముందు పరికరం సంగతి. చూడ్డానికి మామూలు క్యాండిల్ ఫిల్టర్‌లాగే పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, కింది దానికి కొళాయి. తేడా అంతా పై డబ్బాలోనే ఉంది. క్యాండిల్ బదులు అందులో సుమారు 3 కిలోల యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను తనకు పట్టించుకునే అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు 17 సెంటీమీటర్ల మందాన పరిచి ఉంటాయి. గుళికలపైన చిల్లుల స్టీలు పళ్లెం, అడుగున నీటి వేగాన్ని అదుపుచేసే చిన్న వడపోత ముక్క. ఈ రెండూ చిన్నవని చాలామంది పట్టించుకోరు, కానీ ఫిల్టర్ ప్రాణమంతా వాటిలోనే ఉంది. పళ్లెం లేకుండా బిందెతో నీళ్లు పోస్తే ధార పడ్డచోట గుళికల్లో గుంట పడి, నీళ్లన్నీ ఆ ఒక్క దారినే దిగిపోతాయి. మిగతా గుళికలు ఉన్నా లేనట్టే. అడుగు ముక్క వదులైతే నీళ్లు తొందరగా జారిపోయి ఫ్లోరైడ్ గుళికలకు పట్టే వ్యవధి ఉండదు.

సరైన వేగం గంటకు 10 లీటర్లు. అంటే పై డబ్బా నిండా నీళ్లున్నప్పుడు లీటరు దిగడానికి ఆరు నిమిషాలు పట్టాలి. ఫిల్టర్ ఇంటికి తెచ్చిన రోజే లీటరు సీసా, ఫోన్‌లో గడియారం పెట్టుకుని చూడండి. రెండు నిమిషాల్లో నిండితే వెనక్కి ఇచ్చేయండి. అరగంట పడితే గుళికల పొడి కిందికి చేరి అడ్డుపడిందని అర్థం. కొత్త గుళికల్లో తెల్లటి పొడి ఉంటుంది కాబట్టి నింపేముందు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. నింపాక వచ్చే మొదటి రెండు బిందెలు తాగకుండా పారబోయాలి.

ఇది బాగా పనిచేస్తుందా అంటే, నిస్సందేహంగా చేస్తుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు పర్వాలేదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. 4, 5 మిల్లీగ్రాములున్న బోరు నీటిని కూడా కొత్త గుళికలు సులువుగా 1 లోపుకు దించుతాయి. కరెంటు అక్కర్లేదు, నీళ్ల వృథా లేదు. ఆర్‌ఓ ప్లాంటులోనైతే తీసేసిన ఫ్లోరైడ్ అంతా వృథా నీళ్లతో కాలువలోకి పోయి మళ్లీ భూమిలోకే చేరుతుంది. ఇక మరిగించడం వల్ల మేలు లేకపోగా నష్టమే: నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్, క్లోరిన్, యూవీ దీపం ఫ్లోరైడ్ జోలికే పోవు.

నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970 దశకంలో రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’తో పోల్చి చూస్తే ఇదే మేలు. అందులో సున్నం, పటిక వేసి ఒక నిమిషం వేగంగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు తేరనివ్వాలి. పటికలో ఇరవయ్యో వంతు సున్నం సరిపోతుంది గానీ, పటిక మాత్రం నీటి క్షారతను బట్టి లీటరుకు వందల మిల్లీగ్రాములు పడుతుంది. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ దిగదు, పైగా నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఈ పనంతా రోజూ ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. అల్యూమినా ఫిల్టర్‌కు రోజువారీ పనంటూ లేదు.

రోజూ పని లేకపోవడమే దీని లోపం కూడా. గుళికలు ఫ్లోరైడ్‌తో నిండిపోయినా ఆ సంగతి బయటికి తెలియదు. నీళ్ల రంగు మారదు, రుచి మారదు, ధార తగ్గదు. ఫిల్టర్ ఉంది కదా అన్న ధీమాతో ఇంట్లోవాళ్లు, ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలు, అదే బోరు నీళ్లు తాగుతూ ఉంటారు. ఆ వయసులో పళ్లపై పడ్డ గోధుమ మచ్చలు మళ్లీ పోవు.

ఎన్నాళ్లకు నిండుతాయో లెక్క కట్టుకోవచ్చు. పల్లె నీళ్లలో గ్రాము గుళిక సుమారు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పడుతుందనుకుంటే, 3 కిలోలు 4,500 మిల్లీగ్రాములు పడతాయి. లీటరుకు 3 మిల్లీగ్రాములు తీయాలంటే 1,500 లీటర్లు. తాగడానికీ వంటకూ కలిపి రోజుకు 20 లీటర్లు వాడితే 75 రోజులు. అదే 7 మిల్లీగ్రాములు తీయాల్సిన నీళ్లైతే నెల దాటగానే పని ఐపోతుంది. ప్రయోగశాలలో ఇంతకన్నా ఎక్కువ పట్టినట్టు కనిపించవచ్చు. అక్కడి నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) గుళికలు బాగా పట్టే 5, 6 మధ్య పెట్టుకోవచ్చు. మన బోరు నీళ్లది 8 దగ్గర్లో ఉంటుంది, పైగా బైకార్బనేట్ ఎక్కువ. గుళిక మీద ఫ్లోరైడ్‌కు దక్కాల్సిన చోటు దానికి పోతుంది. అందుకే కాగితం మీద రాసిన రోజులు కాక, మీ బోరు నీళ్లతో కట్టిన లెక్క అడగండి. వంట నీళ్లు కూడా ఈ ఫిల్టర్‌వే వాడాలి. అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే అందులోని ఫ్లోరైడ్ అన్నం ముద్దతోనే లోపలికి పోతుంది.

నిండిన గుళికలను మళ్లీ పనికి తేవడాన్ని రీజనరేషన్ అంటారు. గుళికలను నైలాన్ సంచిలో పోసి, 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, అందులో ఎనిమిది గంటలు నాననివ్వాలి. మధ్యమధ్య సంచిని పైకెత్తి ముంచుతూ ఉండాలి. తీసి బాగా కడిగాక మరో 10 లీటర్ల నీళ్లలో 110 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి మళ్లీ ఎనిమిది గంటలు. ఆమ్లాన్నే నీళ్లలో సన్నగా పోయాలి. నీళ్లను ఆమ్లంలో పోస్తే చిమ్మి కళ్లలో పడుతుంది. చివరగా పీహెచ్ కాగితం 7 చూపేదాకా కడగాలి. ఆమ్లం చాలకపోతే గుళికలు క్షారంగానే ఉండి ఫ్లోరైడ్ పట్టవు, ఎక్కువైతే గుళికే కరిగి అల్యూమినియం నీళ్లలోకి దిగుతుంది. ఖర్చు తగ్గుతుందని పాత బ్యాటరీ ఆమ్లం వాడితే సీసం వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు పెట్టకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు, గాలి ఆడే గది ఉన్న ఒక కేంద్రంలో, శిక్షణ పొందిన మహిళా సంఘం సభ్యులతో, కూలి ఇచ్చి చేయించాలి. సేవ పేరుతో ఉచితంగా చేయించుకున్న చోట ఆ పని ఎక్కువ కాలం సాగదు, సాగాలని అడగడం న్యాయమూ కాదు.

తర్వాతది, ఎవరూ మాట్లాడని విషయం: కడిగిన నీళ్లు. గుళికల నుంచి ఊడిన 4,500 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంతా ఆ 10 లీటర్ల కాస్టిక్ ద్రావణంలోకే వస్తుంది. అంటే లీటరుకు 450 మిల్లీగ్రాములు, తాగునీటి హద్దుకు మూడు వందల రెట్లు. కేంద్రం వెనక మురుగ్గుంటలో పోస్తే ఆ పక్క వాడలో చేదబావి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అలాంటి కేంద్రాలకు ఊళ్లో స్థలం దొరికేది పేదవాళ్ల వాడల పక్కనే. కాస్టిక్, ఆమ్ల ద్రావణాలను ఒక డ్రమ్ములో కలిపి, సున్నం ఎక్కువగానే వేసి, ఓ రాత్రి తేరనిస్తే ఫ్లోరైడ్ చాలావరకు కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దిగుతుంది. ఎంత సున్నం వేసినా పైనీళ్లలో లీటరుకు ఎనిమిది, పది మిల్లీగ్రాములు మిగులుతాయి కాబట్టి వాటిని ప్లాస్టిక్ పరిచిన తొట్టిలో ఎండబెట్టాలి, పొలానికీ పశువులకూ పెట్టకూడదు. అడుగు మడ్డిని సిమెంటు గుంటలో వేయాలి. ఒప్పందంలో ఈ తొట్టి, ఈ గుంట లేకపోతే ఆ భాగస్వామ్యం ఒక వాడ జబ్బును ఇంకో వాడకు మోస్తున్నట్టే.

పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త. ఊళ్లో చేసే రంగు పరీక్షలో జిర్కోనియం కలిసిన ఎర్రటి గులాబీ ద్రావణం ఫ్లోరైడ్ ఎక్కువైతే పసుపుకు మారుతుంది. రీజనరేషన్ ఐన వెంటనే వచ్చే నీళ్లలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను తనలో పట్టేసుకుని రంగు మారనివ్వదు. నీళ్లు బాగున్నాయన్న తప్పుడు నమ్మకం అక్కడే మొదలవుతుంది. అందుకే పదిహేను రోజులకోసారి ఊళ్లో రంగు పరీక్ష చేసినా, ప్రతి రీజనరేషన్ తర్వాత కొన్ని ఇళ్ల నీళ్లను విశ్వవిద్యాలయం ల్యాబులో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో, టిసాబ్ బఫర్ (అల్యూమినియం పట్టేసిన ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలిపి చూడాలి. ఫలితాలు ఇంటివారీగా ఊరివాళ్లకు తెలుగులో ఇవ్వాలి. పరిశోధన పత్రికల్లో వ్యాసానికి వాడుకుని ఇళ్లకు చెప్పకపోవడం అన్యాయం.

ఐదుకు మార్కులు వేయాలంటే పరికరానికి నాలుగు. ఒక మార్కు తగ్గింది సూక్ష్మజీవుల్ని చంపలేకపోవడం వల్ల. వానాకాలంలో కింది డబ్బాలో క్లోరిన్ బిళ్ల వేయాల్సిందే. రీజనరేషన్ కేంద్రం, పరీక్ష, మడ్డి గుంట లేకుండా ఫిల్టర్ ఒక్కటే పంచే పథకానికి ఒకటి కూడా ఎక్కువే.

ఇక ఎవరికి అవసరం? ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి నివేదికలు వచ్చాయి. ఇన్నేళ్ల తర్వాత తెలంగాణలో మిషన్ భగీరథతో నది నీళ్లు వస్తున్న ఊళ్లలో ఆ నల్లానే వాడండి, ఫిల్టర్ అక్కర్లేదు. పైపు చివరన ఉండి వారంలో సగం రోజులు బోరు మీదే ఆధారపడే తండాలకు, కనిగిరి వైపు ఊళ్లకు ఇది పనికొస్తుంది. సంతకం పెట్టేముందు గ్రామసభలో నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: రీజనరేషన్ కూలి ఎవరిస్తారు, ప్రాజెక్టు గడువు ముగిశాక రసాయనాలు ఎవరు కొంటారు, కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు, పదే పదే కడిగి అరిగిపోయిన గుళికల బదులు కొత్తవి ఎవరు తెస్తారు. మొదటిదానికి జవాబు అందరూ చెబుతారు. నాలుగోదానికి జవాబు కాగితం మీద ఉంటే ఫిల్టర్ తీసుకోండి.