లీటరు స్విఫ్ట్‌లో 1.3 ఇంజిన్: ఏళ్ల తరబడి నడిపాక

బండి 1990ల నాటి సుజుకీ స్విఫ్ట్. మూడు సిలిండర్ల లీటరు ఇంజిన్‌తో వచ్చినది. ఆ ఇంజిన్ తీసేసి, అదే కుటుంబానికి చెందిన నాలుగు సిలిండర్ల 1.3 లీటర్ల ఇంజిన్‌ను ఇంటి షెడ్డులోనే బిగించుకున్నాను. బిగించిన కొత్తలో రాసే సమీక్షలను నేను పెద్దగా నమ్మను. అప్పుడు ఇంజిన్ శబ్దం కూడా సంగీతంలాగే వినిపిస్తుంది. ఇంజిన్ మౌంటింగులు, ముందు టైర్లు, ఒక క్లచ్ ప్లేటు అరగదీసిన తరువాత రాస్తున్న మాటలివి.

ముందు లెక్కలు చూద్దాం. పాత ఇంజిన్ 993 సీసీ, కొత్తది 1,298 సీసీ. రెండింటి బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 74 మిల్లీమీటర్లే. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, మాత్రం పెద్ద ఇంజిన్‌లోనే కాస్త తక్కువ, 77కు బదులు 75.5. అంటే పెరిగింది ఒక్క సిలిండరు, అంతే. ఎనిమిది వాల్వుల 1.3 ఇంజిన్ ఇచ్చేది సుమారు 68 హార్స్‌పవర్, లీటరు ఇంజిన్ ఇచ్చేది 53. ఈ పదిహేనింటి కోసం ఇంత చాకిరీ చేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమేనని నాతో అన్నవాళ్లున్నారు. అయితే ఈ బండి బరువు ఎనిమిది వందల కిలోలైనా ఉండదు. అంత తేలికైన బండికి శక్తి ఒక్కసారిగా నాలుగో వంతుకు పైగా పెరిగితే తేడా కాలికి తెలుస్తుంది.

ఆ తేడా వేగంలో కనిపిస్తుందని ఆశపడేవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. నాకు దొరికింది వేరు. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు పాత ఇంజిన్ మూడో గేరులో ఆయాసపడి రెండుకు దిగిపోయేది. ఇప్పుడు మూడులోనే నిదానంగా ఎక్కేస్తుంది. లారీని దాటడానికి అరకిలోమీటరు ముందు నుంచి మనసులో లెక్కలు వేసుకోవలసిన పని లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో, వెనక చూపించే అద్దంలో వచ్చే వణుకు కూడా పోయింది. మూడు సిలిండర్ల ఇంజిన్ తిరిగేటప్పుడు ఈ చివరా ఆ చివరా పైకీ కిందకీ ఊగుతుంది, దాని స్వభావమే అది. నాలుగు సిలిండర్ల వరుసలో ఆ ఊపు ఉండదు. సన్నటి ప్రకంపన ఒకటి వేరే ఉంటుంది కానీ అది ఇంజిన్‌ను బాగా వేగంగా తిప్పినప్పుడే బయటపడుతుంది. రోజూ నడిపేవాడికి ఈ నెమ్మదే అసలు లాభమని నా అభిప్రాయం.

స్విఫ్ట్‌లోనే జోరైన రకం జీటీఐ. దానిలో వచ్చిన ట్విన్ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టులు రెండు ఉన్న) పదహారు వాల్వుల 1.3 ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అది దాదాపు వంద హార్స్‌పవర్ ఇంజిన్, ఆశ పుట్టించే మాట నిజమే. కానీ ఆ శక్తంతా బాగా తిప్పితేనే వస్తుంది. పైగా జీటీఐకి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉండేవి. లీటరు బండికి వెనక డ్రమ్ములే. ఇంజిన్ ఒక్కటే తెచ్చి పెట్టి బ్రేకులను వదిలేయడం తెలివైన పని కాదు. ఇంకో సంగతి, వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు. ట్విన్ క్యామ్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ విప్పవలసిందే. ఎనిమిది వాల్వుల దానిలో తెగితే బండి దారిలో ఆగిపోతుంది తప్ప లోపల ఏదీ దెబ్బతినదు. బెల్టు మాత్రం రెండింటిలోనూ వేళకు మార్చాల్సిందే.

ఈ పనికి దిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. ఇంజిన్ కొనవద్దు, ప్రమాదంలో బాడీ పాడైన 1.3 బండిని పూర్తిగా కొనండి. ఇంజిన్ దించడం, ఎక్కించడం చూడటానికి పెద్ద పని. నిజానికి చైన్ బ్లాకు (బరువులెత్తే గొలుసు కప్పీ), గట్టి స్టాండులు, చేయి అందించే మనిషి ఉంటే సెలవురోజు సాయంత్రానికి అయిపోతుంది. నెలలు తినేవి చిన్న సామాన్లు. బ్రాకెట్లు, రేడియేటర్, దాని గొట్టాల వంపులు, సైలెన్సర్ ముందు పైపు, యాక్సిలరేటర్ కేబుల్ పొడవు, ఒక్కోదాని కోసం ఒక్కో చోటికి తిరగాలి. ఎదురుగా పూర్తి బండి ఉంటే ఆ తిరుగుడు తప్పుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో చూసుకోవడానికి నమూనా కూడా అదే.

వైరింగ్ విషయంలో ఇది మరీ నిజం. మూడు సిలిండర్లలో క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) తిరిగే ప్రతి 240 డిగ్రీలకూ ఒక ప్లగ్గు మెరవాలి, నాలుగింటిలో ప్రతి 180 డిగ్రీలకూ. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వేరు, ఆ లెక్కను నమ్ముకుని ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ వేరు. పాత కంప్యూటర్‌తో సర్దుకుందామంటే కుదరదు. అందుకే ఇంజిన్‌తో పాటు కంప్యూటర్‌నూ, వైర్ల కట్టనూ తెంచకుండా మొత్తంగా తీయాలి. ప్రతి కనెక్టరుకూ చీటీ కట్టి, ఫొటో తీసి మరీ విప్పాలి. ఈ ఓపిక లేనివాళ్లు ఇంజిన్ జోలికి పోకుండా ఉండటమే మేలు.

గేరుబాక్సు కలిపే ఘట్టం గురించి కాస్త వివరంగా చెప్పాలి. లీటరు బండి గేరుబాక్సు 1.3 ఇంజిన్‌కు బోల్టులతో నేరుగా సరిపోతుంది. ఫ్లైవీలు (క్రాంకు చివర ఉండే బరువైన చక్రం), క్లచ్ మాత్రం పెద్ద ఇంజిన్‌వే వాడాలి. గేరుబాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి దూరాలి కదా, ప్లేటు వెంట్రుకవాసి పక్కకు ఉన్నా రెండు వేళ్ల సందు మిగిలి అక్కడే ఆగిపోతుంది. ఆ సందు చూసి పెద్ద బోల్టులు పెట్టి బిగించి లాగేద్దామని చేయి తహతహలాడుతుంది. అల్యూమినియం కేసింగులో బోల్టు పట్టే చెవి విరిగేది అప్పుడే. బిగించకూడదు. గేరులో వేసి, క్రాంకు పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పుతూ, గేరుబాక్సును అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. పళ్లు కలిశాయంటే చేత్తో నెట్టినా సందు మూసుకుపోతుంది. ప్లేటును మధ్యకు తెచ్చే ప్లాస్టిక్ కడ్డీ దగ్గర ఉంటే ఈ అవస్థ సగం తప్పుతుంది. ఇంజిన్ బయట ఉండగానే క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా మార్చేయండి. తరువాత అది కారితే ఈ యాగీ అంతా మళ్లీ మొదటి నుంచి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఇంధనం రాకుండా ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాను. ఎన్నాళ్లుగానో పడి ఉన్న ఇంజిన్ బేరింగులకు ఆయిల్ అందకుండా స్టార్ట్ చేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఇన్నేళ్ల వాడకంలో తేలినవి. ఊళ్లో ఇంధనం ఖర్చు పెరిగింది, దాచడానికేమీ లేదు. పొడవాటి ప్రయాణాల్లో మాత్రం పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు, అక్కడ చిన్న ఇంజిన్‌ను అస్తమానం తొక్కిపట్టి నడపవలసి వచ్చేది కనుక. ముందు భాగం బరువెక్కింది. పవర్ స్టీరింగ్ లేని బండి కావడంతో పార్కింగులో చేతులకు ఆ బరువు తెలుస్తుంది. ముందు స్ప్రింగులు కాస్త కుంగితే 1.3 బండివే వేశాను. బ్రేకులు కూడా ఆ బండి నుంచే వచ్చాయి. ఎండాకాలం ట్రాఫిక్‌లో సైతం ఉష్ణోగ్రత ముల్లు సగం దాటలేదు, పెద్ద రేడియేటర్ చలవ అది. ఇంజిన్ నంబరు మారింది కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఎక్కించడం, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపడం తప్పనిసరి. దీనికి వీలుందో లేదో పానా పట్టక ముందే కనుక్కోవాలి. బిగించాక అనుమతి దొరకకపోతే ఆ బండి షెడ్డులో బొమ్మే.

అసంతృప్తి ఉన్నది గేరుబాక్సు దగ్గరే. గేర్లు లీటరు ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినవి కనుక ఐదో గేరులో ఇంజిన్ అవసరానికి మించి తిరుగుతుంది, చెవికి విసుగు. ఈ మధ్య మూడో గేరు వేసేటప్పుడు చిన్న గరగర కూడా మొదలైంది. 1.3 బండి గేరుబాక్సు అటక మీద ఉంది. ఈసారి క్లచ్ మార్చేటప్పుడు దాన్ని కూడా దించుతాను.