సీనియర్ క్లాసు చూడటమా, మన క్లాసు సీనియర్‌కు చూపించడమా: కొత్త టీచర్‌కు ఏది మేలు?

తెలంగాణలో 2024 డీఎస్సీలో టీచర్లుగా ఎంపికైనవాళ్లు అక్టోబరులో నియామక పత్రాలు అందుకున్నారు. అప్పటికి బళ్లు తెరిచి నాలుగు నెలలు. పాఠం చెప్పడం వాళ్లకు వచ్చు. పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడమే టెన్షన్.

నల్లగొండ, పాలమూరు వైపు బళ్లలో తరచూ వినిపించే సలహా ఇది: "పెద్దసారు క్లాసుల ఓ వారం కూర్చో, నీకే తెలుస్తది." ఇందులో మనకు భయం లేదు, ఆయనకు ఇబ్బంది లేదు. కానీ నవంబరులో వెళ్తే కనిపించేది అప్పటికే దారిలో పడ్డ క్లాసు. ఆయన చాక్‌పీస్ అందుకోగానే పిల్లలు నోట్‌బుక్ తీస్తారు. జూన్ మొదటి వారాల్లో ఆ అలవాటు ఎలా చేయించారో మాత్రం కనిపించదు. "ఆయన గొంతే అంత" అనుకుని వచ్చేస్తాం.

నా ఓటు రెండోదానికే, అంటే మన క్లాసు సీనియర్‌కు చూపించడానికే. ఐదో తరగతి లెక్కల పీరియడ్ తీసుకోండి. కొత్త మేడం నోట్‌బుక్కులు దిద్దుతుంటే పదిమంది టేబుల్ చుట్టూ మూగుతారు. వాళ్ల వెనక ఏం జరుగుతోందో ఆమెకు కనబడదు. "టీచర్, వీడు నా పెన్సిల్ గుంజుకుండు" అన్న కేక అక్కడినుంచే వస్తుంది. చివరి వరసలో కూర్చున్న సీనియర్‌కు అదంతా తెలుస్తుంది. "పిల్లల్ని పిలవకమ్మా, నువ్వే వరసల మధ్య తిరుగుతూ దిద్దు" అని ఒక్క మాట చెబితే చాలు. అమెరికా పరిశోధకుడు జేకబ్ కౌనిన్ 1970లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. అల్లరి జరిగాక ఏం చేస్తారన్న దాంట్లో మంచి టీచర్లకూ మిగతావాళ్లకూ పెద్ద తేడా లేదు. క్లాసంతా కనిపెట్టుకుని ఉండి, అల్లరికి సందు ఇవ్వకపోవడంలోనే ఉంది.

అయితే సీనియర్ అక్కడ పిల్లల్ని గద్దించకూడదు. గద్దిస్తే రేపటినుంచి వాళ్లు ఆయన మాటే వింటారు. చెప్పేది ఒక్క విషయమే, అదీ స్టాఫ్‌రూంలో నలుగురి ముందు కాకుండా చెప్పాలి. "రెండు తగిలించు, దారికొస్తరు" అనేవాళ్ల దగ్గర నేర్చుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పత్తి ఏరే రోజుల్లో అసలే హాజరు పలచబడే ఊళ్లలో, దెబ్బ తిన్న పిల్లాడికి బడి మానడానికి ఇంకో కారణం దొరుకుతుంది.

చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో మాటలు బాగానే ఉంటాయి, కానీ మన పిల్లలు అక్కడ ఉండరు.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఒక్కరే టీచర్ ఉన్న బళ్లకు ఈ రెండు దారులూ కష్టమే. అక్కడివాళ్లు పక్క బడి సీనియర్‌ను ఒక్క పూటైనా పంపమని కాంప్లెక్స్ హెచ్‌ఎంను అడగాలి.