వాక్యూమ్ ట్యూబులు, బటర్‌ఫ్లై సూదులు: రక్తం తీసేవారి వైపు నుంచి, పరీక్ష చేసేవారి వైపు నుంచి

క్లినిక్‌లో రక్తం తీసేదీ, ఆ శాంపిల్‌ను యంత్రంలో పెట్టి ఫలితం చూసేదీ ఒకే మనిషి అయినప్పుడు, సూదీ ట్యూబుల మంచిచెడ్డలు దాచినా దాగవు. పెద్ద ల్యాబుల్లో ఈ రెండు పనులూ వేర్వేరు చేతుల్లో ఉంటాయి కాబట్టి, పడక దగ్గర జరిగిన పొరపాటు యంత్రం దగ్గరి మనిషికి వింత అంకెగా మాత్రమే కనిపిస్తుంది. నా ఉద్యోగంలో రెండు పనులూ నావే. అందువల్ల వాక్యూమ్ ట్యూబులు, వాటికి సరిపోయే రెండు మొనల సూది, హోల్డర్, సూదికి రెక్కలూ సన్నటి గొట్టమూ ఉండే బటర్‌ఫ్లై సెట్టు కలిసిన రక్త సేకరణ సామగ్రి మీద, ఏ ఒక్క కంపెనీకీ పరిమితం కాకుండా, ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: సిరంజితో రక్తం లాగి ట్యూబుల్లో పోసే అలవాటు మాని ఈ పద్ధతికి మారితే క్లినిక్‌కు కలిగే మేలు చాలా పెద్దది. అయితే ఆ మేలు పూర్తిగా దక్కాలంటే ట్యూబు తనంతట తాను చేసుకునే పనిలో మనం వేలు పెట్టకూడదు.

ఈ పద్ధతిని 1940ల చివర జోసెఫ్ క్లైనర్ రూపొందించగా, బెక్టన్ డికిన్సన్ సంస్థ వాక్యూటైనర్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు ఏ కంపెనీ ట్యూబునైనా చాలామంది ఆ పేరుతోనే పిలుస్తున్నారు. తయారీలోనే ట్యూబులోని గాలిని కొంతమేర తీసేసి రబ్బరు మూత బిగిస్తారు. సూది ఒక మొన సిరలో ఉంటుంది. రెండో మొన హోల్డర్ లోపల రబ్బరు తొడుగు కింద ఉంటుంది. ట్యూబును హోల్డర్‌లోకి నెట్టగానే ఆ మొన మూతను గుచ్చుకుని లోపలికి వెళుతుంది, ట్యూబులో ఎంత గాలి తక్కువైందో అంత రక్తం లోపలికి వస్తుంది, ఆ తర్వాత ప్రవాహం దానంతటదే ఆగిపోతుంది. ట్యూబు తీసి మరొకటి పెట్టేలోపు ఆ రబ్బరు తొడుగు మొనను మళ్లీ కప్పేస్తుంది కాబట్టి రక్తం బయటికి కారదు. ఒక్క పోటుతో నాలుగైదు ట్యూబులు నింపుకోగలగడం అందరికీ కనిపించే సౌకర్యమే. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ట్యూబు తనకు కావలసిన కొలతను తానే తీసుకోవడం.

ఆ కొలత ఎంత ముఖ్యమో లేత నీలం మూత ఉన్న సిట్రేట్ ట్యూబును చూస్తే తెలుస్తుంది. సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. రక్తం గడ్డకట్టే కాలాన్ని చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలకు 3.2 శాతం సోడియం సిట్రేట్ ఒక వంతు, రక్తం తొమ్మిది వంతులు ఉండాలి. 0.3 మి.లీ. సిట్రేట్ ఉన్న ట్యూబు 2.7 మి.లీ. రక్తాన్ని తీసుకునేలా తయారవుతుంది. ట్యూబు సగమే నిండితే, మిగిలిపోయిన సిట్రేట్ పరీక్ష సమయంలో మనం కలిపే కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. దాంతో రక్తం గడ్డకట్టడానికి నిజంగా పట్టే సమయం కన్నా ఎక్కువ సమయం పట్టినట్టు ఫలితం వస్తుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడే రోగి విషయంలో అలాంటి ఫలితం చూసి డాక్టర్ మందు తగ్గిస్తే, ఆ రోగికి గడ్డలు ఏర్పడే ప్రమాదం తిరిగి మొదలవుతుంది. అందుకే గీత వరకు నిండని నీలం ట్యూబును నేను పరీక్షకు తీసుకోను. రోగిని మరోసారి పొడవాల్సి వస్తుందని బాధ కలుగుతుంది, అయినా తప్పు అంకె ఇవ్వడం కన్నా అదే మేలు.

సిరంజితో తీసినప్పుడు ఈ కొలత మన కంటి అంచనా మీద ఆధారపడుతుంది. పిస్టన్‌ను బలంగా లాగినా, ఆ రక్తాన్ని సూదిలోంచి ట్యూబులోకి గట్టిగా నెట్టినా ఎర్రకణాలు పగిలిపోతాయి. అలా పగిలిన శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పితే, గడ్డ నుంచి విడిపడి లేత పసుపు రంగులో ఉండాల్సిన ద్రవం, అంటే సీరమ్, గులాబీ రంగులో తేలుతుంది. పొటాషియం, కణాల్లో ఉండే ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైమ్‌లు ఎక్కువగా వస్తాయి. ఈ లోపు సిరంజిలోనే రక్తం గడ్డకట్టడం మొదలైతే, గడ్డలు ఉండకూడని ఊదా మూత ట్యూబులోకి గడ్డలే చేరతాయి. వాక్యూమ్ ట్యూబులు ఈ సమస్యలను పూర్తిగా తొలగించలేవు. సన్నటి సిరకు పెద్ద ట్యూబు తగిలించినా, స్పిరిట్ ఆరకముందే పొడిచినా కణాలు పగులుతూనే ఉంటాయి. కానీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ట్యూబు పనిలో వేలు పెట్టడమంటే ఏమిటో ఒక శాంపిల్ గురించి చెబితే అర్థమవుతుంది. పొటాషియం ప్రాణానికే ముప్పు అనిపించేంత ఎక్కువగా, కాల్షియం దాదాపు లేనంత తక్కువగా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా బాగా పడిపోయి కనిపించాయి. ఆ రోగి మాత్రం బయట బల్ల మీద కూర్చుని పక్కవారితో మాట్లాడుతూనే ఉన్నారు. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే అనుమానించాల్సింది రోగిని కాదు, ట్యూబును. ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలకపోతే ఎవరో ఊదా మూత తెరిచి కొంచెం అందులోంచి పోశారన్నమాట. ఊదా ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ, అదీ పొటాషియం లవణంగా. అది శాంపిల్‌కు పొటాషియాన్ని చేర్చి, కాల్షియాన్ని పట్టేస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి కావలసిన జింక్, మెగ్నీషియంలను కూడా లాక్కుంటుంది. మూతలకు వేర్వేరు రంగులు పెట్టింది ఈ కలయికలు జరగకుండా ఉండడానికే. మూత విప్పి పోసినప్పుడు ఆ రక్షణ అంతా వృథా అవుతుంది.

ట్యూబులు నింపే వరుస వెనుక ఉన్న కారణం కూడా ఇదే: ఒక ట్యూబులోని రసాయనం సూది ద్వారా తర్వాతి దానిలోకి చేరి ఫలితం చెడగొట్టకూడదు. రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే కల్చర్ సీసాలు ముందు, తర్వాత లేత నీలం, ఆపైన సీరమ్ కోసం ఎరుపు లేదా పసుపు, తర్వాత ఆకుపచ్చ హెపారిన్, ఊదా ఈడీటీఏ, చివర బూడిద రంగు ఫ్లోరైడ్. ఈ వరుస ట్రేలోనే కనిపించేలా ట్యూబులను ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటే, పొద్దున పరగడుపు పరీక్షల రద్దీలో కూడా చెయ్యి తడబడదు.

నిండిన ట్యూబును కలపడం చిన్న పనిగా అనిపిస్తుంది గాని, తిప్పి పంపాల్సి వచ్చే శాంపిళ్లలో చాలావాటికి అదే కారణం. నీలం ట్యూబును మూడు నాలుగు సార్లు, గడ్డకట్టించే పొడి ఉన్న సీరమ్ ట్యూబును ఐదు సార్లు, ఊదా, ఆకుపచ్చ, బూడిద రంగు ట్యూబులను ఎనిమిది నుంచి పది సార్లు తలకిందులు చేయాలి. కుదపకూడదు. లోపలి గాలి బుడగ ఒక చివర నుంచి మరో చివరకు పూర్తిగా వెళ్లి తిరిగి వస్తే ఒకసారి అయినట్టు. ఊదా ట్యూబులో కలపడం ఆలస్యమైతే కంటికి కనిపించనంత సన్నటి గడ్డలు ఏర్పడి ప్లేట్‌లెట్లు తక్కువగా లెక్కకొస్తాయి. కొందరి రక్తంలో సరిగ్గా కలిపినా ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. వారికి సిట్రేట్ ట్యూబులో తీసి, వచ్చిన లెక్కను 1.1తో హెచ్చించాలి. ప్లేట్‌లెట్లు హఠాత్తుగా తగ్గినట్టు చూపే ఏ రిపోర్టునైనా, స్లైడు మీద మైక్రోస్కోపుతో చూడకుండా పంపకూడదన్నది నా గట్టి నమ్మకం.

పసుపు మూత జెల్ ట్యూబుకు నా పూర్తి మార్కులు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన తర్వాత జెల్ గడ్డకూ సీరమ్‌కూ మధ్య గోడలా నిలుస్తుంది. కానీ అరగంట నిలువుగా ఉంచి గడ్డ పూర్తిగా కట్టనివ్వాలి. రిపోర్టు త్వరగా కావాలన్న తొందరలో ముందే తిప్పితే సీరమ్‌లో గడ్డను కట్టే ఫైబ్రిన్ పోగులు మిగిలి యంత్రం పీల్చే గొట్టానికి అడ్డుపడతాయి. ఒకసారి తిప్పిన జెల్ ట్యూబును మళ్లీ తిప్పకూడదు. జెల్ కింద కణాల మధ్య ఉన్న ద్రవం పైకి వచ్చి పొటాషియం తప్పుగా పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫినిటోయిన్ వంటి కొన్ని మందుల స్థాయి చూడాలంటే జెల్ లేని ట్యూబే వాడాలి, ఎందుకంటే జెల్ ఆ మందును కొంత పీల్చుకుంటుంది.

బూడిద రంగు ట్యూబు విషయంలో మాత్రం నాకు కొంత అసంతృప్తి ఉంది. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం వరకు తగ్గుతుంది. ఫ్లోరైడ్ దాన్ని ఆపుతుందని అందరూ ధీమాగా ఉంటారు గాని, అది అడ్డుకునే ఎనొలేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్ విచ్ఛిన్నంలో చివరి మెట్ల దగ్గర ఉంటుంది. అందువల్ల మొదటి గంట, రెండు గంటల్లో చక్కెర కొంత తగ్గనే తగ్గుతుంది. షుగర్ ఉందో లేదో తేల్చే సరిహద్దు అంకెల దగ్గర ఆ కొంతే రోగనిర్ణయాన్ని మార్చగలదు. సిట్రేట్ కూడా కలిపిన కొత్త రకం ట్యూబులు ఈ నష్టాన్ని వెంటనే ఆపుతాయి. అవి దొరకని చోట శాంపిల్‌ను ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు లేని ద్రవాన్ని (ప్లాస్మాను) వేరు చేయడమే మార్గం.

ఇక సూదులు. మోచేతి ముందు భాగంలో మీడియన్ క్యూబిటల్ సిర వేలికి తగిలే పెద్దలందరికీ 21 లేదా 22 గేజ్ నేరు సూది చాలు (గేజ్ అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది). దీనిలో ఉన్న పెద్ద లోపం, సిరలో పడ్డామో లేదో ట్యూబు నెట్టేవరకు తెలియకపోవడం. సూది వెనుక చిన్న పారదర్శక గది ఉన్న రకంలో రక్తం మెరవగానే తెలుస్తుంది. కొత్తగా పనిలో చేరినవారికి ఆ రకమే ఇవ్వాలని నా సలహా.

“నాకు నరం దొరకదమ్మా, ఇక్కడ చూడు” అంటూ ముంజేతి వెనుక వైపు చూపించే పెద్దవాళ్లకు బటర్‌ఫ్లై సూదే దిక్కు. రెక్కలు పట్టుకుని చాలా తక్కువ వాలులో దూర్చవచ్చు, రక్తం గొట్టంలోకి రాగానే కనిపిస్తుంది, రోగి చెయ్యి కాస్త కదిలినా సూది స్థానం అంత సులువుగా తప్పదు. చర్మం పలచబడిన చేతి వెనుక సిరలు వేలి కింద జారిపోతుంటాయి. ఎడమ బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి బిగబట్టి, 23 గేజ్ సూదిని దాదాపు చర్మానికి సమాంతరంగా పోనిస్తే అవి నిలుస్తాయి. అక్కడ మామూలు సైజు ట్యూబు తగిలిస్తే ఆ లాగుడుకు సిర గోడలు అతుక్కుపోయి రక్తం ఆగిపోతుంది. 2 మి.లీ. చిన్న ట్యూబు పెడితే నెమ్మదిగా, కానీ ఆగకుండా వస్తుంది. బటర్‌ఫ్లై సెట్లు కొనేవారు చిన్న ట్యూబులు కూడా తప్పనిసరిగా తెప్పించుకోవాలి. ఒకటి లేకుండా రెండోది సగం పనే చేస్తుంది.

బటర్‌ఫ్లైతో గుర్తుంచుకోవాల్సింది గొట్టంలోని గాలి. మొదటి ట్యూబు నీలం మూతదైతే ఆ గాలి కూడా లోపలికి పోయి కొలత తప్పుతుంది. అందుకే ముందు ఒక ట్యూబును కాస్త నింపి పక్కన పెట్టి, తర్వాత నీలం ట్యూబు తగిలించాలి. సిరలు బాగున్న వారికి కూడా అలవాటుగా బటర్‌ఫ్లైనే వాడడం నాకు నచ్చదు. సన్నటి సూదిలో రక్తం నెమ్మదిగా వస్తుంది, దాంతో చేతికి బిగించిన టోర్నికెట్ పట్టీ ఒక నిమిషం దాటి బిగిసే ఉంటుంది. అలా బిగిసి ఉండడం, దానికి తోడు పిడికిలి పదే పదే బిగించమని చెప్పడం కూడా ఫలితాలను మారుస్తాయి.

బటర్‌ఫ్లైలో మీట నొక్కగానే సూది లోపలికి ముడుచుకునే రకం ఉంటే, దానికి తక్కువ రకం కొనవద్దని యాజమాన్యాలకు నా విన్నపం. మామూలు బటర్‌ఫ్లై సూదిని బయటికి తీశాక గొట్టం చివర వేలాడుతూ ఊగే ఆ మొన, రక్తం తీసే చేతికి అత్యంత ప్రమాదకరమైనది. రోగి రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవి సోకే అవకాశం సుమారు 0.3 శాతం, టీకా వేసుకోని వారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 30 శాతం వరకు ఉంటుంది. సూది ఇంకా సిరలో ఉండగానే మీట నొక్కాలి, అప్పుడు మొన ఒక్క క్షణం కూడా బయటికి కనిపించదు. హోల్డర్‌ను కడిగి మళ్లీ వాడడం, సూదిని హోల్డర్ నుంచి చేత్తో విప్పడం రెండూ మానాలి. సూదినీ హోల్డర్‌నూ కలిపే సూదుల డబ్బాలో వేయాలి.

కొనేటప్పుడు పెట్టె మీద గడువు తేదీని మందుల గడువంత జాగ్రత్తగా చూడండి. ప్లాస్టిక్ గోడల గుండా గాలి మెల్లగా లోపలికి చేరుతుంది, వాక్యూమ్ బలహీనపడుతుంది, గడువు దాటిన ట్యూబు గీత వరకు నిండదు. ఎండ తగిలే అల్మరాలో నిల్వ ఉంచితే గడువు లోపలే అదే జరుగుతుంది. కొత్త బ్యాచ్ రాగానే ఒక సిట్రేట్ ట్యూబులోకి నీటిని పీల్పించి గీత దగ్గర ఆగుతుందో లేదో చూడండి. మూతల రంగులు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు కాబట్టి రెండు కంపెనీల సరుకును ఒకే ట్రేలో కలపవద్దు. చీటీ అంటించే చోటు కూడా చూసుకోవాలి: రోగి పక్కనే నిలబడి, పేరు, మరో గుర్తింపు వివరం వారి నోటే చెప్పించుకుని చీటీ నిలువుగా అంటించాక కూడా లోపలి రక్తం మట్టం కనిపించేంత ఖాళీ ఆ ట్యూబు మీద మిగలాలి.

నా చేతిలో ఉంటే నేను తెప్పించే సరుకు ఇది: ఎక్కువ భాగం 22 గేజ్, రక్తం కనిపించే గది ఉన్న నేరు సూదులు, మీటతో ముడుచుకునే 23 గేజ్ బటర్‌ఫ్లైలు వాటిలో నాలుగో వంతు, అన్ని రంగుల్లోనూ మామూలు ట్యూబులతో పాటు చిన్న సైజువి, సిరంజి తప్పనిసరైన రోగుల కోసం, సూది లేకుండా రక్తాన్ని ట్యూబులోకి పంపే ట్రాన్స్‌ఫర్ పరికరాలు కొన్ని.