ఒంటరిగా నివసించడమా, ఒంటరితనమా: మధుమేహానికి ఏది దగ్గర?

ఇంట్లో ఒక్కరే ఉండడమూ, నలుగురి మధ్య ఉన్నా తన గోడు వినేవారు లేరనిపించడమూ ఒకటేనని చాలామంది అనుకుంటారు గాని, ఇంగ్లండులో 50 ఏళ్లు, ఆపై వయసున్న 4,112 మందిని సుమారు 12 ఏళ్లపాటు గమనించి 2020లో ప్రచురించిన పరిశోధన ఈ రెండింటినీ స్పష్టంగా వేరు చేసింది. ఆ కాలంలో 264 మందికి టైప్-2 మధుమేహం వచ్చింది. వయసు, బరువు, పొగతాగే అలవాటు వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఒంటరితనం ఎక్కువగా అనుభవించినవారిలో ముప్పు హెచ్చుగానే కనిపించింది; ఒక్కరే నివసించడానికి అటువంటి సంబంధం కనబడలేదు. మానని మనోవేదన ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే హార్మోన్ అయిన కార్టిసాల్‌ను పెంచి, దానివల్ల రక్తంలో చక్కెర పెరగడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

అయితే నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధన (2017) ఒంటరిగా నివసించే పురుషులలో మధుమేహం ఎక్కువని, స్త్రీలలో ఆ తేడా లేదని తెలిపింది. కాని అది ఒకే సమయంలో తీసిన లెక్క గనుక, ఏది ముందో అది చెప్పలేదు.

నా దృష్టిలో వ్యాధి రాకముందు ఒంటరితనమే పెద్ద ప్రమాదం. ఇన్సులిన్ మొదలైన తరువాత మాత్రం, అర్ధరాత్రి చక్కెర పడిపోతే గమనించే మనిషి పక్కన లేకపోవడం ప్రాణాపాయం కాగలదు. పిల్లలు విదేశాల్లో ఉన్న మన పెద్దలకు ఇది మరింత వర్తిస్తుంది.