ఇంటీరియర్ ఆఫీసుకి బిజినెస్ కోచింగ్: రెండేళ్లు దాటాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. కొత్తగా ఆఫీసు తెరిచి, మొదటి ప్రాజెక్టుల కోసం తిరుగుతున్నవాళ్లకి ఈ లీడర్‌షిప్ కోచింగ్ దండగ. ఆ డబ్బుతో ఒక మంచి సైట్ సూపర్‌వైజర్‌ని పెట్టుకోండి. చేతినిండా పనుండి, జీతాలు తీసుకునే మనుషులుండి, అయినా ఓనర్ చెప్తే తప్ప పుల్ల కూడా కదలని ఆఫీసైతే మాత్రం పనికొస్తుంది. మాది ఆ రకమే.

మాది ఇళ్ల ఇంటీరియర్ పని, ఆఫీసు హైదరాబాద్ కొండాపూర్‌లో. పని ఎక్కువగా తెల్లాపూర్, నార్సింగి, కోకాపేట వైపు కొత్త టవర్లలో. ఇద్దరు సీనియర్ డిజైనర్లు, త్రీడీ చేసే పిల్లలు, సూపర్‌వైజర్లు, అకౌంట్స్ చూసే ఆవిడ ఉన్నారు. కార్పెంటర్లు మా జీతంలో ఉండరు. రాజస్థాన్ నుంచి వచ్చిన మేస్త్రీలు స్క్వేర్ ఫీట్ లెక్కన కాంట్రాక్టు తీసుకుని వాళ్ల మనుషులతో చేయిస్తారు. 2014లో మొదలైన లివ్‌స్పేస్, హోమ్‌లేన్ లాంటి పెద్ద ఇంటీరియర్ కంపెనీలు వచ్చాక కస్టమర్లు మాలాంటి చిన్న ఆఫీసుల్ని కూడా హ్యాండోవర్ తేదీ, వారంటీ కాగితం మీద రాసివ్వమంటున్నారు. నాలుగు సైట్లలో నాలుగు తేదీలు రాసిచ్చి, ప్రతిదానికీ నన్నే అడుగుతుంటే నడవదు. అందుకే చేరాను.

నేను తీసుకున్నది ఏడాది ప్యాకేజీ. నెలకోసారి జూమ్‌లో కోచ్‌తో ఒంటరిగా మాట్లాడటం, ఒక గ్రూప్ సెషన్, మూడు నెలలకోసారి హోటల్ హాల్లో రోజంతా ప్రోగ్రాం, వాట్సాప్ గ్రూపు. ఫీజు మా జూనియర్ డిజైనర్ ఏడాది జీతానికి కాస్త అటూఇటూ. పేరు రాయను, ఇప్పుడిలాంటివి చాలా ఉన్నాయి, లోపల సరుకు దాదాపు ఒకటే.

ఆ సరుకులో అసలైనది గ్రో పద్ధతి. 1980లలో ఇంగ్లండ్‌లో పుట్టింది. దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన జాన్ విట్‌మోర్ అంతకుముందు కార్ రేసర్ (ఆ ముక్క నాకు భలే నచ్చింది). గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు: ఏం కావాలి, ఇప్పుడెలా ఉంది, ఏమేం చేయొచ్చు, అందులో ఏది ఎప్పటికి చేస్తావు. అంతే. మనం జవాబు చెప్పకుండా ఈ నాలుగూ ఎదుటివాళ్లని అడగాలి. వినడానికి చాలా చిన్న విషయం. సైట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు తెలుస్తుంది ఎంత కష్టమో.

తెల్లాపూర్ ఫ్లాట్ నుంచి సూపర్‌వైజర్ ఫోన్.

"మేడమ్, మాస్టర్ బెడ్‌రూంలో బీమ్ కిందికొచ్చింది. డ్రాయింగ్ ప్రకారం లాఫ్ట్ పెడితే రెండంగుళాలు తగులుతోంది. ఏం చేయమంటారు?"

జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "నువ్వైతే ఏం చేస్తావు?" అన్నాను.

అటు నుంచి చాలాసేపు ఏమీ లేదు, కటింగ్ మెషీన్ మోత తప్ప. "మీరు చెప్పండి మేడమ్, మేస్త్రీ ఎదురుగా నిలబడి ఉన్నాడు" అన్నాడు. మొదట్లో అన్నీ ఇలాగే. నాకు కోపమొచ్చిందేమో అని ఆఫీసులో వాళ్లని అడిగాడట కూడా. కొన్ని నెలలు పోయాక అదే అబ్బాయి ఫోన్ చేసి, "మేడమ్, ఇక్కడ గోడ తూకం లేదు, పక్కన ఫిల్లర్ పట్టీ వేయించి షట్టర్ సైజు తగ్గిస్తున్నా, డిజైనర్‌కి ఫోటో పెట్టాను" అని పెట్టేశాడు. కోచింగ్‌లో నాకు మిగిలిన లాభం చాలావరకు ఇదే.

అయితే ప్రశ్నలు అడిగినంత మాత్రాన మనుషులు నిర్ణయాలు తీసుకోరు, తప్పైతే ఎవరి నెత్తిన పడుతుందో తెలియాలి. కోచ్ ఒక కాగితం రాయించారు. సూపర్‌వైజర్ రూ.5,000 వరకు, సీనియర్ డిజైనర్ రూ.25,000 వరకు నన్ను అడగకుండా ఖర్చు పెట్టొచ్చు, పోతే ఆఫీసు ఖాతాలోనే పోతుంది. మూడు చోట్ల మాత్రం అడగాల్సిందే: బీమ్ గానీ కాలమ్ గానీ చెక్కడం, గ్యాస్ లైన్ జరపడం, కొటేషన్‌లో రాసిన మెటీరియల్ గ్రేడ్ మార్చడం. కిచెన్‌కి ఐఎస్ 710 ప్లైవుడ్ (నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకం) అని రాసిచ్చి, స్టాక్ లేదని ఐఎస్ 303 (మామూలు వాడకం రకం) దించేస్తే, రేపు సింక్ కింద అది ఉబ్బితే పోయేది మా పేరే. ఈ కాగితం ఇప్పటికీ ప్రతి సూపర్‌వైజర్ ఫోన్‌లో ఉంది.

కస్టమర్ల దగ్గర మాత్రం ఇంత తేలిగ్గా కాలేదు. మొదటి మీటింగ్ నుంచే సీనియర్ డిజైనర్‌ని ముందుకు పెట్టమన్నారు కోచ్. పెట్టాను. ఒక ఇంట్లో పెద్దావిడ నేరుగా అడిగేసింది, "ఏమ్మా, అడ్వాన్స్ నీ మొహం చూసి ఇచ్చాం, నువ్వు రావా?" అని. ఆవిడ మాటా సబబే. అందుకని వాస్తు, పూజగది, వంటింటి స్టవ్ దిక్కు తేల్చే మీటింగ్‌కి, ఫైనల్ చెకింగ్‌కి నేను వెళ్తాను. మధ్యలోదంతా డిజైనర్‌ది. ఇది ఏ కోచింగ్ నోట్సులోనూ లేదు.

నోట్సు చాలావరకు అమెరికాని దృష్టిలో పెట్టుకుని రాసినవి. గంటల లెక్కన డిజైన్ ఫీజు తీసుకోండి అని ఒక పాఠం మొత్తం ఉంది. ఇక్కడ కుర్చీలో కూర్చోకముందే స్క్వేర్ ఫీట్ రేటెంత అంటారు. చివరికి డిజైన్ ఫీజు విడిగా తీసుకుని, పని మాకే ఇస్తే బిల్లులో తగ్గించేలా పెట్టాం. సగం మంది ఒప్పుకుంటున్నారు. పన్నెండు వారాల ప్లాన్ కూడా అంతే, దానికి ఆషాఢం తెలీదు, శ్రావణం తెలీదు. శ్రావణంలో గృహప్రవేశాలన్నీ ఒకేసారి మీద పడితే ఎవరు కూర్చుని టార్గెట్లు రాస్తారు? హోళీకి, దీపావళికి మేస్త్రీల మనుషులు ఊళ్లకి వెళ్లిపోతారు. మా ప్లాన్ ఇప్పుడు పంచాంగం పక్కన పెట్టుకునే వేస్తాం. ఇక మేస్త్రీలకి ఫీడ్‌బ్యాక్ ఫారాలంటారా, ఒక్కసారి హిందీలో చేయించి ఇచ్చి చూశాం, వాటి మీద కొలతలు రాసుకున్నారు. మేస్త్రీ అడిగేది శనివారం పేమెంట్, తాళం తీసున్న సైటు.

హోటల్ హాల్ ప్రోగ్రాంలు నాకు నచ్చలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ప్రతిసారీ ఇంకా పెద్ద ప్యాకేజీ గురించే మాటలు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే సూక్తులు.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. నిర్ణయాలు, కస్టమర్లు, కొటేషన్లు అన్నీ చేతికిచ్చి నేర్పించాక మా సీనియర్లలో ఒకమ్మాయి మానేసి సొంతంగా పెట్టుకుంది. ఆమెని తప్పుబట్టను, నేనూ ఒకప్పుడు ఇంకో ఆఫీసు నుంచి అలా వచ్చినదాన్నే. కోచ్‌ని అడిగితే "మీ ఆప్షన్స్ ఏంటి?" అన్నారు. ఆ పూట ఒళ్లు మండింది. ఇప్పుడు రెండో సీనియర్‌కి తను నడిపే ప్రాజెక్టుల లాభంలో వాటా ఇస్తున్నాను. లీడర్లని తయారుచేయాలంటే ఈ లెక్క కూడా మొదటి నెలలోనే వేసుకోవాలి.

టర్నోవర్ ఎంత పెరిగింది అని అందరూ అడుగుతారు. పెరిగింది. కానీ అదే టైంలో కోకాపేట వైపు టవర్లు లేచాయి, అదంతా కోచ్ ఖాతాలో వేయలేను. ఖాయంగా చెప్పగలిగేది, హ్యాండోవర్ అప్పుడు రాసే స్నాగ్ లిస్టు (ఇంకా సరిచేయాల్సిన లోపాల జాబితా) చిన్నదైంది, దానివల్ల కస్టమర్ పట్టి ఉంచే బిల్లులో చివరి పది శాతం త్వరగా చేతికొస్తోంది. మా లాభం చాలా ప్రాజెక్టుల్లో ఆ పది శాతంలోనే ఉంటుంది.

చేరాలనుకుంటే కోచ్‌ని ఒకటి అడగండి: కాంట్రాక్టు లేబర్‌తో నడిచే వ్యాపారాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా అని. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉదాహరణలే చెప్తుంటే వేరేవాళ్లని వెతుక్కోండి. నేను ఈ ఏడాది హోటల్ ప్రోగ్రాంలు, గ్రూపు మానేసి నెలవారీ సెషన్ ఒక్కటే రెన్యూవల్ చేయించుకున్నాను. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఆ పన్నుని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు; చిన్న వ్యాపారాల కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు. బిల్లు ఆఫీసు జీఎస్టీ నంబరు మీదే తీసుకోండి.