సీపీడీ గంటల కోసం దీక్ష: ఒడిశా సరిహద్దు బడి నుంచి ఒక టీచరు సమీక్ష

సరిహద్దు బడుల్లో పనిచేసే టీచర్లకు నా సలహా ముందే చెప్పేస్తాను. కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ వేదిక దీక్షలో కోర్సులు తప్పకుండా చెయ్యండి, కానీ త్వరగా అయిపోయే కోర్సు ఏదని వెతక్కండి. మీ క్లాసులో ఏ పిల్లలు అర్థంకాక మౌనంగా కూర్చుంటున్నారో చూసి, వాళ్లకు పనికొచ్చే కోర్సు ముందు పట్టుకోండి. సీపీడీ గంటలు, అంటే టీచర్లు ఏటా పూర్తి చెయ్యాల్సిన వృత్తి శిక్షణ గంటలు, ఎలాగూ జమవుతాయి. ఏళ్ల తరబడి చేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలని చెప్పింది. రాయగడలో సీబీఎస్‌ఈ బడిలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు వీటినే పాయింట్లు అంటుంది. వాళ్లకి ఆ 50లో 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగతా 25 బడిలోనో చుట్టుపక్కల బడులతో కలిసో పూర్తి చెయ్యాలి. మాలాంటి సర్కారు ప్రాథమిక బడుల వాళ్లకి, కేంద్రం టీచర్ల శిక్షణకు పెట్టిన నిష్ఠ కోర్సులే ముఖ్యం. నిష్ఠ 2019 ఆగస్టులో నేరుగా కూర్చోబెట్టి ఇచ్చే శిక్షణగా మొదలైంది. కరోనాకి బడులు మూతపడ్డాక, 2020 అక్టోబరులో దీక్షలోకి వచ్చింది. 2021లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చూసే నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైన తర్వాత చిన్న తరగతుల టీచర్ల కోసం 12 కోర్సులతో నిష్ఠ 3.0 ఇచ్చారు. ఒక్కోటి 3 నుంచి 4 గంటలు. ఆ పన్నెండూ చేస్తే ఒక ఏడాది లెక్క దాదాపు నిండిపోతుంది.

మా బడి గజపతి జిల్లాలో, కాశీనగర్ వైపు, వంశధారకి దగ్గర్లో ఉంది. పుస్తకాలు ఒడియాలో ఉంటాయి. పిల్లల్లో సగానికి పైగా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, కొండవార ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు సవర మాట్లాడతారు. ఒకటో తరగతిలో మొదటి నెల అంతా వాళ్లకి మేం ఏం చెబుతున్నామో తెలియదు, వాళ్లేం అంటున్నారో కొత్త టీచర్లకి తెలియదు. అందుకే పన్నెండిట్లో నాకు అన్నిటికన్నా విలువైనది 'ప్రాథమిక తరగతుల్లో బహుభాషా విద్య' అనే ఏడో కోర్సు. ఇంటి భాషని తప్పుగా చూడొద్దు, దాని మీద నిలబడే బడి భాషకి వెళ్లండి అని అది స్పష్టంగా చెబుతుంది. ఈ మాట చెప్పడం కాదు, క్లాసులో ఎలా చెయ్యాలో చూపిస్తుంది: కథ ముందు ఇంటి భాషలో వినిపించి, బొమ్మ మీద మాట్లాడించి, ఆ తర్వాతే పుస్తకంలోని వాక్యం దగ్గరకు తీసుకెళ్లడం. నేను ఆ పద్ధతి మొదలుపెట్టాక సవర పిల్లలు క్లాసులో నోరు విప్పడం చూశాను. కొత్త టీచరు ఒక్క కోర్సే చేస్తానంటే ఇదే చెయ్యమంటాను.

మా జిల్లా కేంద్రం పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు ఏ సర్టిఫికెట్టూ అడగకుండా సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాసి, బడులు నడిపారు. ఆ నేల మీద పనిచేస్తూ మనం ఈ కోర్సుని టిక్కు పెట్టి వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

తొమ్మిదో కోర్సు, ప్రాథమిక గణితం మీద ఉన్నది, నాకు ఇంకో రకంగా ఉపయోగపడింది. పిల్లవాడు తప్పు ఎందుకు చేశాడో వాడి ఆలోచన నుంచి చూడమని అది అడుగుతుంది. మా దగ్గర రెండో తరగతిలో తెలుగు పిల్లలు ఒడియాలో చెప్పి 23 రాయమంటే 32 రాసేస్తుంటారు. తెలుగులో ఇరవై ముందు వస్తుంది, మూడు తర్వాత వస్తుంది. ఒడియాలో అదే సంఖ్య చెప్పేటప్పుడు మూడు ముందు వినిపిస్తుంది. చెవికి ముందు వినబడిన అంకెని ముందు రాస్తారు, అంతే. సవర పిల్లల సంగతి ఇంకా వేరు. వాళ్ల పెద్దలు లెక్కపెట్టే పద్ధతిలో 12 దాటాక పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అంటూ 19 దాకా వెళ్లి, ఆ తర్వాత ఇరవైలతో లెక్కిస్తారు. 93 అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, పైన ఒకటి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి పదుల కట్టలు కట్టమంటే ఎందుకు తడబడతాడో అప్పుడు అర్థమవుతుంది. ఈ వివరాలేవీ కోర్సులో లేవు. కానీ అక్కడ నేర్చుకున్న చూపుతోనే నేను చింతపిక్కలు, చీపురు పుల్లల కట్టలు పెట్టి, ముందు వాళ్ల లెక్కలో చెప్పించి, తర్వాత పదులుగా కట్టిస్తున్నాను. 32 రాసే పిల్లలు బాగా తగ్గారు.

విద్యా ప్రవేశ్ మీద ఉన్న ఐదో కోర్సు కూడా బాగుంటుంది. ఒకటో తరగతిలో చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు ఆటలతో నడిపే కార్యక్రమం గురించి అది. బొమ్మలతో బోధన కోర్సు సరదాగా సాగుతుంది. పాఠశాల నాయకత్వం, ఐసీటీ (కంప్యూటరు, ఫోన్ల సాయంతో బోధన) కోర్సులు ఇద్దరే టీచర్లున్న బడికి పెద్దగా పనికిరావు. గంటలు కావాలంటే చెయ్యండి.

ఇక వాడకం సంగతి. కోర్సులు రాష్ట్రాల వారీగా బ్యాచ్‌లుగా నడుస్తాయి, ప్రతి బ్యాచ్‌కీ ఆఖరి తేదీ ఉంటుంది. ప్రొఫైల్లో రాష్ట్రం, జిల్లా, బడి సరిగ్గా పెట్టుకుని ఒడిశా బ్యాచ్‌లోనే చేరండి. కోర్సులో చేరేటప్పుడు మీ వివరాలు పంచుకోవచ్చా అని అడిగితే ఒప్పుకోండి, మీరు చేసింది పై అధికారులకు కనబడేది దాంతోనే. పాఠాల్ని ముందుగా డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేని చోట కూడా చూడొచ్చు, మాలాంటి వాళ్లకి ఇది పెద్ద మేలు. అయితే చూసినట్టు లెక్కలోకి రావాలంటే నెట్‌వర్క్ ఉన్న చోటికి వచ్చి సింక్ చెయ్యాలి. వీడియోలు చివరిదాకా వదలకుండా చూడాలి. ఆఖరి పరీక్షలో 70 శాతం రావాలి, అవకాశాలు మూడే. సర్టిఫికెట్ వెంటనే కనబడకపోతే టెన్షన్ పడకండి, కొన్ని రోజులు ఆగి ప్రొఫైల్లో చూడండి. ప్రింటు కంటే పీడీఎఫ్ దాచుకోవడం మంచిది, క్యూఆర్ కోడ్ ఉంటుంది కాబట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

నేను చేసే పని ఇంకొకటుంది. సరిహద్దుకి అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో టీచరుగా చేస్తున్న మా వదిన ఇవే కోర్సులు తెలుగులో చేసింది. సర్టిఫికెట్ కోసం నేను ఒడియాలో చేస్తాను, అర్థం కోసం ఆవిడతో తెలుగులో మాట్లాడతాను. "వదినా, మూల్యాంకనం పాఠంలో మీకేటి చెప్పారు?" అని ఫోన్ చేస్తే, "పిల్లని మార్కుల్లో చూడకు, నిన్న రానిది ఈరోజు ఏటొచ్చిందో రాసుకో అన్నారమ్మా" అంది. అరగంట వీడియో సారం ఆ ఒక్క మాటలో దొరికింది. సరిహద్దుకి అవతల మీకూ చుట్టాలో స్నేహితులో టీచర్లుంటే తప్పకుండా ఇలా చెయ్యండి.

ఈ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చనిది గంటల్ని లెక్కపెట్టే తీరు. పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు జ్ఞాపకశక్తిని చూసేవే, క్లాసులో ఏం మార్చావని ఎవరూ అడగరు. కొన్ని కోర్సుల సమాధానాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అలా 50 గంటలు నింపిన టీచరుకీ, రాత్రిపూట కూర్చుని నిజంగా చదివిన టీచరుకీ కాగితం మీద తేడా లేదు. ఇది చదివేవాళ్లకి అన్యాయం, అంతకంటే ఎక్కువగా పిల్లలకి అన్యాయం. కోర్సు అయ్యాక క్లాసులో చేసిన ఒక పని రాసి గానీ, వీడియో తీసి గానీ, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే క్లస్టర్ మీటింగులో చూపించిన వాళ్లకే గంటలు ఇస్తే ఎంతో మారుతుంది. మా క్లస్టర్‌లో ఒకసారి చింతపిక్కల లెక్క చూపించాను. తర్వాత ఇద్దరు టీచర్లు మా బడికి వచ్చి క్లాసులో కూర్చుని చూసి వెళ్లారు. ఏ వీడియో కన్నా నాకు ఎక్కువ నేర్పింది వాళ్లు అడిగిన ప్రశ్నలే.

ఈ ఏడాది మొదలుపెట్టేవాళ్లు ముందు ఏడు, తర్వాత తొమ్మిది, ఆ తర్వాత ఐదు చెయ్యండి. ఒక్కో కోర్సుకీ మధ్య రెండు మూడు వారాలు వదిలి, నేర్చుకున్నది క్లాసులో పెట్టి చూడండి. మిగతావి దసరా సెలవుల్లో తీరిగ్గా చేసుకోవచ్చు, బ్యాచ్ ఆఖరి తేదీ మాత్రం ముందే చూసుకోండి.