ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ: చట్టానికి చిక్కని యువకుడు

ఆంథొనీ మింగెల్లా దర్శకత్వంలో 1999లో వచ్చిన ఈ క్రైమ్ థ్రిల్లర్‌కు ప్యాట్రీషియా హైస్మిత్ 1955లో రాసిన నవల ఆధారం. ఇటలీలో విలాసంగా గడుపుతున్న తన కొడుకు డిక్కీని అమెరికాకు తిరిగి తీసుకురమ్మని ఒక సంపన్నుడు టామ్ రిప్లీ అనే పేద యువకుణ్ణి పంపుతాడు; రిప్లీ అరువు తెచ్చుకుని తొడుక్కున్న కోటు చూసి, అతను డిక్కీతో చదువుకున్నవాడని పొరబడతాడు. డిక్కీకి జాజ్ సంగీతమంటే ఇష్టమని తెలిసి, కళ్లకు గంతలు కట్టుకుని రికార్డులు వింటూ వాయించేదెవరో పోల్చుకోవడం సాధన చేసే రిప్లీ పట్టుదల మొదట ముచ్చటగొలుపుతుంది. అదే పట్టుదల హత్యలను కప్పిపుచ్చడానికి పనికొస్తున్నప్పుడు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

పోలీసుల ప్రశ్నలకు నిబ్బరంగా బదులిస్తూనే లోలోపల వణికిపోయే రిప్లీగా మాట్ డేమన్ నటన అద్భుతం. డిక్కీ పాత్రకు జూడ్ లా ఆస్కార్ నామినేషన్ పొందాడు. ఇక రోమ్‌లో రిప్లీ ఉంటున్న ఇంట్లో డిక్కీ స్నేహితుడు ఫ్రెడ్డీ అనుమానంగా పియానో మీట నొక్కుతూ గదంతా పరికించే సన్నివేశంలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ మాటలకన్నా చూపులతోనే భయపెడతాడు.

వెనిస్ ఘట్టాలలో నడక మందగించిన మాట నిజమే. అయినా, హంతకుడు దొరకకూడదని ప్రేక్షకుడే కోరుకునేంతగా మనసును లొంగదీసుకోవడం ఈ చిత్రం సాధించిన అరుదైన విజయమని నా దృఢమైన అభిప్రాయం.